అమ్మతో గాదంకి నుంచి పులికాట్ దాకా

చిత్తూరులో మా అమ్మ కుట్టుమిషను సొరుగు లాగితే బాబిన్లు, కాజాల దారం, సూదుల డబ్బీ, వాటి అడుగున ప్లాస్టిక్ కవర్లో ఒక పాత రెండు రూపాయల నోటు ఉంటాయి. నోటు వెనక ఆర్యభట ఉపగ్రహం బొమ్మ. 1975 ఏప్రిల్ 19న సోవియట్ రాకెట్ ఆర్యభటను పైకి తీసుకుపోయినప్పుడు అమ్మ ఏడో తరగతి. ఆ తర్వాత బొమ్మ నోటు మీదికెక్కింది. అట్లాంటి నోటు మొదటిసారి చేతికొచ్చినప్పుడు ఆమె దాన్ని ఖర్చు పెట్టలేదు. పదో తరగతితో చదువు ఆగింది. పెళ్ళయింది, మిషను వచ్చింది, వీధిలో సగం మంది జాకెట్లు ఆమె చేతి మీదుగా పోయాయి. పేపర్లో ఇస్రో వార్త కనిపిస్తే మాత్రం చేతిలోని కత్తెర అటు తిరిగేది. కత్తిరించిన ముక్కను మైదాపిండి జిగురుతో నాయన పాత లెక్కల పుస్తకంలో అంటించేది. ఒక పుస్తకం నిండితే ఇంకొకటి.

మా ఇంట్లో పొద్దుపోయే ఆటలన్నీ ఆ ఇష్టం చుట్టూనే అల్లుకున్నాయి. ఎండాకాలం కరెంటు పోతే చాప చంకన పెట్టుకుని మిద్దెక్కేవాళ్ళం. సప్తర్షుల్లో నాలుగు చుక్కలు ముసలమ్మ మంచం కోళ్ళనీ, మిగిలిన మూడూ ఆ మంచాన్ని ఎత్తుకుపోతున్న దొంగలనీ అవ్వ తనకు చెప్పిన కథ అమ్మ మాకు చెప్పేది. కథ అయిపోగానే ఆ చుక్కల్లో ఏది ఎంత దూరమో చెప్పేది. వానాకాలం వసారాలో కూర్చుంటే మెరుపుకీ ఉరుముకీ మధ్య అంకెలు లెక్కపెట్టాలి. మూడు అంకెలకు ఒక కిలోమీటరు. ఎవరు ముందుగా దూరం చెబితే వాళ్ళకు బెల్లం ముక్క. బారాకట్టలో ఎవరి కాయనైనా చంపితే "స్కైలాబ్ అయిపాయ" అని అరిచేవాళ్ళం. వేరే ఇళ్ళలో అట్లా అనరని నాకు హైస్కూలుకు పోయేదాకా తెలీదు.

ఇంత ఇష్టం ఉన్న మనిషి పైగాలిని కొలిచే రాడార్ ఉన్న గాదంకి చూడలేదు, శ్రీహరికోట వైపు పోలేదు. రెండూ పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి చేరే చోట్లే. ఎప్పుడూ ఎవరిదో పెళ్ళి జాకెట్టు అడ్డం వచ్చేది. 2024 జనవరి 1 ఉదయం శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ58 రాకెట్ ఎగురుతుందని ప్రకటన రాగానే నేను బెంగళూరులో సెలవు పెట్టి, నా కొడుకును తీసుకుని చిత్తూరు వచ్చేశాను. సంక్రాంతి గిరాకీ మొదలయ్యేలోపు నాలుగు రోజులు మిషను మీద గుడ్డ కప్పమని అమ్మను అడిగాను. ఆమె ఆ సాయంత్రమే కప్పేసింది.

డిసెంబర్ 29, శుక్రవారం: గాదంకి

పొద్దున్నే పులిహోర, ఉడకబెట్టిన చెనిక్కాయలు, చిన్న సీసాలో ఊరిబిండి సర్దుకుని బయల్దేరాం. నాయన కారు నడిపాడు. కాణిపాకంలో దండం పెట్టుకుని తిరుపతి రోడ్డెక్కితే గాదంకి ఎంతోసేపు పట్టదు. చుట్టూ గుట్టలు, మామిడి తోటలు, వాటి మధ్య జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల. ముందుగానే రాసి అనుమతి తెచ్చుకున్నాం కాబట్టి లోపలికి రానిచ్చారు.

ఎంఎస్‌టీ రాడార్ అంటే పెద్ద గుండ్రటి పళ్ళెం ఒకటి తిరుగుతూ ఉంటుందని నా కొడుకు ఊహ. అక్కడ తిరిగేదేమీ లేదు. ఒక చదునైన మైదానం, దాని నిండా పాత రోజుల్లో ఇంటి మీద టీవీకి కట్టుకునే యాంటెన్నాల్లాంటివి, ఆకాశం వైపు నిలబెట్టి ఉన్నాయి. ఒక వరసకు 32, అట్లాంటి వరసలు 32, మొత్తం 1024. ఒక్కో పక్క పొడవు దాదాపు 130 మీటర్లు. అమ్మ గట్టు మీద నిలబడి ఒక వరసకు ఎదురుగా వచ్చేలా జరిగి ఒక కన్ను మూసి చూసింది. కుట్టు తిన్నగా ఉందో లేదో చూసేటప్పుడు కూడా ఆమె అట్లాగే చూస్తుంది. తర్వాత మూలగా చూసింది. అటు కూడా అన్నీ గీత గీసినట్టు ఒకదాని వెనక ఒకటి దాక్కున్నాయి. "ఎంత ఒద్దికగా పెట్టినారు మే" అంది.

మాకు చూపించడానికి వచ్చిన ఇంజనీరమ్మ ఓపిక నేను మరిచిపోలేను. మామూలు వాన రాడార్ చిన్న తరంగాలను పంపి నీటి చుక్కల నుంచి ప్రతిధ్వని పట్టుకుంటుంది. ఇది మబ్బు లేని ఉత్త గాలిని కూడా చూస్తుంది. పని చేసేది 53 మెగాహెర్ట్జ్ మీద, అంటే తరంగం పొడవు ఐదున్నర మీటర్ల పైచిలుకు. పైన గాలి సుడి తిరుగుతున్న చోట వేడీ తేమా కలగాపులగమై ఉంటాయి. అక్కడ తరంగంలో అణువంత వెనక్కి చెదురుతుంది. తిరిగి వచ్చినదాని ఫ్రీక్వెన్సీ ఎంత మారిందో చూస్తే గాలి ఎటు పోతోందో, ఎంత వేగంగా పోతోందో తెలుస్తుంది. వచ్చే ప్రతిధ్వని అంత బలహీనం కాబట్టే ఇంత పెద్ద మైదానం, పంపేటప్పుడు అంత శక్తి. చుట్టూ ఉన్న గుట్టలు బయటి రేడియో రొదను కొంత ఆపుతాయట. మనం దారిలో చూసి మరిచిపోయే గుట్టలకు ఇట్లాంటి పని ఒకటి ఉందని తెలిసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది.

అమ్మ అడిగిన ప్రశ్న ఒకటే. "ఇవి కదలవు కదమ్మా, మరి పక్కకు ఎట్ల చూస్తాయి?" ఇంజనీరమ్మ ముఖం వెలిగింది. అన్ని యాంటెన్నాలూ ఒకేసారి తరంగాన్ని వదిలితే అది నిట్టనిలువుగా పోతుంది. ఒక వైపు నుంచి ఒక్కో వరసకు రవ్వంత ఆలస్యం పెట్టుకుంటూ పోతే తరంగం మొత్తం వాలుగా లేస్తుంది. కంప్యూటర్లో ఆ ఆలస్యాలు మారిస్తే చాలు, చూపు తూర్పుకో పడమరకో వాలుతుంది. అమ్మ ఒక్క నిమిషం ఆలోచించి, మనవడిని, నాయనను, నన్ను తనతో పాటు వరసగా నిలబెట్టి "నేను అడుగేసినాక నువ్వు, నువ్వు వేసినాక మీ అమ్మ" అని నడిపించింది. మా వరస ఒక పక్కకు వాలిపోయింది. ఆ అమ్మాయి చప్పట్లు కొట్టింది. యాభై ఏళ్ళుగా పేపర్ ముక్కల నుంచి నేర్చుకున్న మనిషికి ఎదురుగా నిలబడి చెప్పేవాళ్ళు దొరికిన మొదటి రోజు అది.

ఇది పనిలోకి వచ్చింది 1990ల మొదట్లో. అప్పుడు జాతీయ ఎంఎస్‌టీ రాడార్ కేంద్రం అనేవాళ్ళు, 2005లో ఇప్పటి పేరు వచ్చింది. పేరులోని మూడక్షరాలు మీసోస్ఫియర్, స్ట్రాటోస్ఫియర్, ట్రోపోస్ఫియర్ అనే మూడు గాలి పొరలవి. మన తల మీది గాలి నుంచి 80 కిలోమీటర్ల పైదాకా అన్నమాట. పాకాల పక్క పల్లెలో ఉండే మా పెద్దమ్మ, రాత్రిళ్ళు ఆకాశంలోకి ఆకుపచ్చ గీత ఒకటి నిలువుగా పోతుందని ఎప్పుడూ చెప్పేది. కళ్ళు సరిగ్గా కనబడక అట్లా అంటోందని ఇంట్లో కొట్టిపారేసేవాళ్ళు. ఇక్కడ లైడార్ ఉంది. 532 నానోమీటర్ల లేజర్‌ను పైకి వదిలి, గాలిలోని కణాల నుంచి చెదిరి వచ్చిన వెలుగును కొలుస్తారు. 532 అంటే ఆకుపచ్చే. అమ్మ బయటికి రాగానే చేసిన మొదటి పని పెద్దమ్మకు ఫోన్. "అక్కా, నీ కండ్లు బాగుండాయి. నువ్వు చూసింది నిజమే" అని గట్టిగా చెప్పింది.

రాత్రికి తిరుపతిలో చిన్నమ్మ ఇంటికి చేరాం.

డిసెంబర్ 30, శనివారం: తిరుపతి, తొండవాడ

వైకుంఠ ద్వార దర్శనాల పదిరోజులు ఇంకా అయిపోలేదు. ఊరంతా జనం. ఈసారి కొండెక్కే ఆలోచన పెట్టుకోలేదు. అలిపిరిలో నిలబడి కొండకు దండం పెట్టి పక్కనే ఉన్న ప్రాంతీయ విజ్ఞాన కేంద్రానికి పోయాం. 1993 నుంచి ఉంది. తిరుపతికి వచ్చే యాత్రికుల్లో ఎక్కువమంది దాని గేటు ముందు నుంచే పోతారు, లోపలికి రారు. పిల్లలతో వచ్చేవాళ్ళు ఒక్క పూట ఇక్కడ గడపాలని నా గట్టి కోరిక. ప్లానెటోరియంలో దీపాలు ఆరి గోపురం మీద చుక్కలు తేలగానే అమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆట అయిపోయేదాకా వదల్లేదు.

సాయంత్రం చంద్రగిరి దగ్గర తొండవాడకు తీసుకుపొమ్మని అమ్మే అడిగింది. స్వర్ణముఖి ఒడ్డున, భీమా కల్యాణీ వచ్చి కలిసే చోట అగస్త్యేశ్వరుడి గుడి. స్వర్ణముఖిని తెచ్చింది అగస్త్యుడేనని ఇక్కడివాళ్ళ నమ్మకం. డిసెంబర్ మొదట్లో మిచౌంగ్ తుపాను కుమ్మరించిన వానలకు ఏట్లో నీళ్ళున్నాయి. అమ్మ మెట్ల మీద కూర్చుని కాళ్ళు తడుపుకుని, "రాత్రికి ఆయన్ను పైన చూపిస్తాను రా అబ్బోడా" అని మనవడికి మాటిచ్చింది.

భోజనాలయ్యాక చిన్నమ్మ వాళ్ళ మిద్దె మీద బారాకట్ట పరిచాం. గవ్వలు అమ్మ తన సంచిలోనే తెచ్చుకుంది. చిన్నమ్మ కాయ పండే గడి దాకా వచ్చి చచ్చింది. "స్కైలాబ్!" అని మేమందరం ఒక్కసారే అరిచాం. నా కొడుకు స్కైలాబ్ అంటే ఏంటని అడిగాడు. ఆట ఆగిపోయింది.

1979 జూలై. అమ్మ వాళ్ళ ఊరు పూతలపట్టు వైపు. అమెరికా వాళ్ళు 1973లో పైకి పంపిన స్కైలాబ్, 77 టన్నుల బరువుది, కిందికి జారిపోతోందని రేడియోలో చెప్పారు. ఎక్కడ పడుతుందో ఎవరూ కచ్చితంగా చెప్పలేకపోయారు. మన పల్లెల్లో అది యుగాంతం అయి కూర్చుంది. ఎట్లాగూ పోతాం కదా అని కోళ్ళు కోసుకున్నారు, మేకలు కోసుకున్నారు. చిన్నమ్మకు గుర్తున్నదల్లా ఆ వారం ఇంట్లో రోజూ కూర ఉండడం. అమ్మకు గుర్తున్నది వేరు. అందరూ నిద్రపోకుండా ఏడుస్తూ ఉంటే ఆమె గడ్డివాము పక్కన పడుకుని పైకి చూస్తూ ఉండిపోయింది. మనిషి చేసిన వస్తువు ఒకటి ఇంటి మీదుగా పోతోందంటే ఆమెకు భయం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ కలిగింది. జూలై 11న అది హిందూ మహాసముద్రంలోనూ, ఆస్ట్రేలియా పడమటి వైపునా ముక్కలై పడింది. నెల తిరిగేసరికి ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి మన ఎస్‌ఎల్‌వీ-3 మొదటి ప్రయోగం సముద్రం పాలయింది. మరుసటేడు జూలై 18న అదే రాకెట్ 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఆ వార్త రేడియోలో వినేటప్పటికి అమ్మ కొత్తగా కుట్టు నేర్చుకుంటోంది. వేలికి సూది గుచ్చుకుందట. ఆ సంగతి చెబుతూ ఇప్పటికీ ఆ వేలు పైకెత్తి చూపిస్తుంది.

పది దాటాక దక్షిణం వైపు ఇళ్ళ మీద అగస్త్య నక్షత్రం తేటగా కనిపించింది. చంద్రుడు వచ్చేసినా దాని వెలుగు తగ్గలేదు. ఆకాశంలో సిరియస్ తర్వాత అంత మెరిసేది అదే. సిరియస్ దూరం ఎనిమిదిన్నర కాంతి సంవత్సరాల పైన కొంచెం, అగస్త్యుడిది 300 పైమాటే. అంత దూరం నుంచి అంత వెలుగంటే అదెంత పెద్దదో అమ్మ మనవడినే ఆలోచించమంది. ఉత్తరాది పెద్ద ఊళ్ళవాళ్ళకు అది నేల అంచున కాసేపు కనబడి పోతుంది, మనకు 23 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. 1964లో అంగారకుడి వైపు పోయిన మారినర్-4 నౌక తన ఒళ్ళు తిప్పుకోకుండా ఉండడానికి సూర్యుడినీ ఈ చుక్కనే గురి పెట్టుకుంది. సాయంత్రం చూసిన గుడినీ ఆ నౌకనూ అమ్మ ఒకే గుక్కలో చెప్పింది. రెంటినీ విడదీయాలన్న ఆలోచన ఆమెకు ఎప్పుడూ రాలేదు. ఉత్తరం వైపు ధ్రువుణ్ణి మాత్రం చూపించలేకపోయింది. తిరుపతిలో అది 13 డిగ్రీల పైన కొంచెం ఎత్తులోనే ఉంటుంది, ఏడుకొండలు అడ్డం వచ్చేశాయి.

డిసెంబర్ 31, ఆదివారం: సూళ్ళూరుపేట

రేణిగుంట, శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా వచ్చాం. దొరవారిసత్రం దగ్గర నేలపట్టులో ఆగి చెరువు నడుమ చెట్ల మీద గూడబాతులు చూశాం. పిల్లవాడు అక్కడి నుంచి కదలనన్నాడు. సూళ్ళూరుపేటలో చెంగాలమ్మ గుడికి పోయాం. ప్రయోగానికి ముందు ఇస్రో పెద్దలు వచ్చి దండం పెట్టుకునే అమ్మవారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు ఈ ప్రాంతం నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. గాదంకి, శ్రీహరికోట ఇప్పుడు ఒకే జిల్లా అని అమ్మ ఆ రోజు పేపర్ ముక్క కూడా అంటించి పెట్టుకుంది.

లాడ్జి గదిలో సుద్దముక్కతో నేల మీద గీసి నాయనా మనవడూ పులిమేక ఆడారు. నాయనకు చుక్కల గొడవ పట్టదు. కానీ పెళ్ళయిన కొత్తలో మిద్దె మీద బల్బు అమ్మకు అడ్డమని తీసేసింది ఆయనే, మళ్ళీ పెట్టలేదు.

పన్నెండు గంటలకు కింద టపాకాయలు మోగుతుంటే మేం లాడ్జి మిద్దె మీద ఉన్నాం. కొత్త సంవత్సరం అర్ధరాత్రికి మన వైపు అగస్త్యుడు దాదాపు నడి దక్షిణంలో ఉంటాడు, ఆ పైన సిరియస్. అమ్మ రోహిణి నక్షత్రాన్ని చూపించి, అక్కడి నుంచి వృషభం కొమ్ము చివరి దాకా వేలు జరిపింది. అక్కడే క్రాబ్ నెబ్యులా. 1054లో చైనావాళ్ళు చూసి రాసిపెట్టిన నక్షత్ర విస్ఫోటనం మిగిల్చిన మేఘం. నడుమ సెకనుకు 30 సార్లు తిరిగే పల్సార్, పేలిన నక్షత్రంలో మిగిలిన గట్టి ముద్ద. కంటికి కనిపించదు. రేపు రాకెట్లో పోయే ఎక్స్ కిరణాల ఉపగ్రహం ఎక్స్‌పోశాట్ చూడబోయేది ఇట్లాంటివాటినేనని చెప్పింది.

జనవరి 1, సోమవారం: పులికాట్ ఒడ్డు

చీకట్లోనే లేచాం. తూర్పున వేగుచుక్క నీళ్ళలో పడి మెరుస్తోంది. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు పులికాట్ సరస్సు మీదుగా పోతుంది. రెండు పక్కలా నీళ్ళు, దూరంగా ఫ్లెమింగోల గుంపు. పోనిచ్చినంత దూరం పోయి గట్టున చాప పరిచాం. మాకు ముందే అక్కడ చాలామంది ఉన్నారు. నెల్లూరు వైపు వాళ్ళు, మద్రాసు వాళ్ళు, పక్కనే వలలు సర్దుకుంటున్న యానాదుల కుటుంబం. రాకెట్ కేంద్రం షార్ రాక ముందు శ్రీహరికోట దీవి యానాదులు బతికిన చోటు. ఆ కుటుంబంలో పెద్దాయన ఏ వైపు చూడాలో మాకు చేత్తో చూపించాడు. ఆయన చూపిన చోటు నుంచే లేచింది కూడా.

అమ్మ ఫోన్‌లో లెక్క వింటోంది. పీఎస్‌ఎల్‌వీకి ఇది 60వ ప్రయాణం. 44 మీటర్ల పొడవు. 1993లో మొదటిది విఫలమైన సంగతి, 1994 అక్టోబర్‌లో గెలిచిన సంగతి పక్కవాళ్ళకు చెబుతోంది. తెలియని మనుషులతో అమ్మ అంతసేపు మాట్లాడడం నేను ఎప్పుడూ చూడలేదు. వాళ్ళ పిల్లలు కూడా మా చాప మీదికి జరిగారు.

9.10. చెట్ల గీత మీద ఒక నిప్పు రవ్వ లేచింది. ఎండలోనూ చూడలేనంత తెలుపు. దాని కింద పొగ స్తంభం పెరుగుతూ పోయింది. చప్పుడు లేదు. చుట్టూ కేకలు, ఈలలు. అమ్మ మాత్రం మనవడి భుజం పట్టుకుని "ఒకటి, రెండు, మూడు" అంటోంది. మెరుపూ ఉరుమూ ఆట! నేనూ అందుకున్నాను, నాయన కూడా అందుకున్నాడు. రాకెట్ వంగి సముద్రం వైపు పోతోంది, మేం ఇంకా లెక్కలోనే ఉన్నాం. యాభై దగ్గర మొదట గుండెల్లో తగిలింది, తర్వాత చెవులకు చేరింది. నీళ్ళ మీదుగా దొర్లుకుంటూ వచ్చింది, చాప కింద నేల అదిరింది. ఫ్లెమింగోలు కొన్ని లేచి మళ్ళీ వాలాయి. "పదారు, పదిహేడు కిలోమీటర్లు!" అని నా కొడుకు అరిచాడు. అమ్మ కొంగు ముడి విప్పి బెల్లం ముక్క వాడి నోట్లో పెట్టింది. ముందు రోజే కట్టి ఉంచుకుందని అప్పుడు తెలిసింది.

అందరూ సర్దుకుని పోతున్నా మేం కదల్లేదు. ఇరవై నిమిషాలు దాటాక ఉపగ్రహం విడిపోయిందని ఫోన్‌లో చెప్పారు. ఎత్తు దాదాపు 650 కిలోమీటర్లు. అందులో, ఎక్స్ కిరణాలు ఏ దిశలో కంపిస్తూ వస్తున్నాయో కొలిచే పరికరం పోలిక్స్‌ను బెంగళూరు రామన్ పరిశోధన సంస్థ చేసింది. ఆ దిశను బట్టి కంటికి అందని చోట అయస్కాంత క్షేత్రం ఎట్లా ఉందో ఊహించగలరు. జనవరి మధ్యలోనే పోలిక్స్ క్రాబ్‌ను చూసింది.

అమ్మ మనసు మాత్రం ఆ తర్వాత జరిగిన దాని మీద ఉంది. ఉపగ్రహాన్ని వదిలాక రాకెట్ నాలుగో అంచెను చెత్తలా వదిలెయ్యకుండా 350 కిలోమీటర్ల ఎత్తుకు దించి, దాని మీదే చిన్న చిన్న పరికరాలు నడిపారు. పోయెమ్-3 అని పేరు. అందులో ఒకటి తిరువనంతపురం ఎల్‌బీఎస్ మహిళా ఇంజనీరింగ్ కాలేజీ ఆడపిల్లలు చేసిన వీశాట్. ఆ వార్త అమ్మ నాచేత గట్టిగా చదివించుకుంది. "ఆ పిల్లోళ్ళు చేతుల్తో చేసిందే కదా ఇప్పుడు మన నెత్తి మీద తిరుగుతా ఉండేది" అని, కాసేపాగి, "నేను పుట్టాల్సిన కాలం ఇది మే" అంది. మాకు నోట మాట రాలేదు. నాయన లేచి ఆమెకు టీ తెచ్చాడు.

మార్చి 21న ఆ నాలుగో అంచె అనుకున్నట్టే కిందికి దిగి పసిఫిక్ మీద కాలిపోయిందని, ఆకాశంలో చెత్త మిగల్లేదని ఇస్రో ప్రకటించింది. ఆ ముక్కను అమ్మ ఏ పుస్తకంలో అంటించాలా అని వెతికి, చివరికి 1979 జూలై నాటి స్కైలాబ్ వార్త ఉన్న పేజీలోనే ఖాళీ చూసి అంటించింది. నాకు వాట్సాప్‌లో ఫొటో పంపింది.

ఇప్పుడు ఆమె పట్టంతా కావలూరు మీద. వేలూరు, వాణియంబాడి మీదుగా జవ్వాది కొండలెక్కితే వైను బప్పు వేధశాల. 1977లో యురేనస్ వలయాలను పట్టుకున్న చోట్లలో అదొకటి, 2.34 మీటర్ల టెలిస్కోపు 1986 నుంచి అక్కడే ఉంది. శనివారాలు జనాన్ని రానిస్తారు. మబ్బుల్లేని శనివారం కావాలి, పెళ్ళి జాకెట్లు లేని వారం కావాలి. క్యాలెండర్ మీద సున్నాలు చుట్టి పెట్టింది. నేను ఏ సున్నాకు వస్తానో చెప్పమని రెండు రోజులకోసారి ఫోన్ చేస్తోంది.